ఎంసెట్ గణితంలో 27 నుంచి 49 దాకా: నా అనుభవం

ఇంటర్మీడియట్ గణితం నాలుగు పేపర్లలో కలిపి నాకు 300 మార్కులకు 294 వచ్చాయి. అదే ఏడాది, అంటే 2023 మే నెలలో రాసిన తెలంగాణ ఎంసెట్‌లో గణితానికి 80కి 27 వచ్చాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకు ముందుగా వచ్చే అనుమానం ఇంటర్లో చూసి రాసి ఉంటుందనే. మా బంధువుల్లో ఒకరిద్దరు ఆ మాట నా ముందే అన్నారు. నేను చూసి రాయలేదు. అయితే ఆ 294 నిజమైనప్పుడు ఈ 27 ఎలా వచ్చిందో చెప్పమంటే అప్పట్లో నా దగ్గర సమాధానం లేదు. అది వెతుక్కోవడానికి ఒక ఏడాది పట్టింది. 2024లో మళ్ళీ రాసినప్పుడు గణితంలో 49 వచ్చాయి. ఈ రెండు పరీక్షల మధ్య నేను ఏం చేశానో, ఏం చేసి నష్టపోయానో రాస్తున్నాను.

మాది నర్సంపేట దగ్గర పల్లె. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమంలో ఎంపీసీ చదివాను. మా బాపు టైలర్. ఎంసెట్ రాసేవాళ్ళకు తెలిసిన విషయమే అయినా, నా లెక్క అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. మా రాష్ట్రంలో బీసీ విద్యార్థులకు 10,000 లోపు ర్యాంకు వస్తే ప్రైవేటు కళాశాలలో కూడా ప్రభుత్వమే పూర్తి ఫీజు కడుతుంది. ఆ గీత దాటితే 35,000 రూపాయల వరకే ఇస్తుంది, మిగతాది ఇంట్లోవాళ్ళు కట్టుకోవాలి. పేరున్న కళాశాలల్లో ఆ మిగతాది మాకు ఒక సంవత్సరం ఇంటి ఖర్చు. కాబట్టి నాకు ర్యాంకు అంటే గొప్ప కాదు, ఐదంకెలా నాలుగంకెలా అన్నదే. పూర్వం ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, ఆంధ్రప్రదేశ్‌లో నేను రాసిన రోజుల్లోనూ ఉంది. తెలంగాణలో మాత్రం కరోనా సంవత్సరాల్లో దాన్ని పక్కన పెట్టి, 2023లో పూర్తిగా ఎత్తేశారు. ఎత్తేయకపోతే నా 294 ఎంతో కొంత ఆదుకునేది. ఆ బాధ కొన్నాళ్ళు ఉండింది కానీ, దాని మీద ఎక్కువసేపు కూర్చోవడం దండగ.

మొదటిసారి రాసినప్పుడు జరిగింది ఇది. పరీక్ష మూడు గంటలు, ప్రశ్నలు 160. గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40, ఒక్కో ప్రశ్నకు ఒక మార్కు, తప్పుకు కోత లేదు. భాగించి చూస్తే ప్రశ్నకు 67 సెకన్లు పైచిలుకు. ఈ భాగహారం నేను పరీక్షకు ముందు ఒక్కసారి కూడా చేయలేదు. తెర మీద గణితం ముందు వస్తుంది కాబట్టి మొదటి ప్రశ్న నుంచి వరుసగా మొదలుపెట్టాను. నా చేతికి అలవాటైనది ఇంటర్ పద్ధతి. ఏడు మార్కుల లెక్కకు మెట్టు మెట్టుకూ మార్కు ఉంటుందని మెట్టు వదలకుండా రాసిన చేయి అది. రఫ్ కాగితం మీద ‘సాధన’ అని శీర్షిక పెట్టి, కింద గీత గీసి, ‘ఇచ్చిన సమీకరణం’ అని రాసి లెక్క మొదలుపెట్టానంటే నవ్వు వస్తుంది. పక్కన ఎవరూ దిద్దేవాళ్ళు లేని కాగితం మీద చివర ‘కాబట్టి’ చుక్కలు మూడూ పెట్టాను. గణితం పూర్తిచేయకుండానే 135 నిమిషాలు గడిచిపోయాయి. మిగిలిన 45 నిమిషాల్లో 80 ప్రశ్నలు చూడాల్సి వచ్చింది. భౌతికశాస్త్రంలో 11, రసాయనంలో 14, గణితంలో 27, మొత్తం 52. విడతల మధ్య కష్టం తేడాను సరిచేసే నార్మలైజేషన్ తర్వాత కూడా పెద్దగా మారలేదు. ర్యాంకు నాకు కావలసిన గీతకు ఆమడ దూరంలో ఆగిపోయింది.

ర్యాంకు వచ్చిన రాత్రి బాపు మిషన్ ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు నడుము కుట్లు విప్పుతున్నాడు.

“ఏడ తప్పినవో సూస్కున్నవా బిడ్డా?” అన్నాడు.

“సూసుడేముంది బాపూ, 80ల 53 పోయినయి.”

“53 ఒక్క తీరు తప్పులేనా?”

నేను జవాబు చెప్పలేదు. ఆ రాత్రి నాకు ఆ ప్రశ్న విసుగు తెప్పించింది కూడా. కానీ రెండు రోజుల తర్వాత నర్సంపేటలో నెట్ సెంటర్‌కు పోయి నా రెస్పాన్స్ షీట్‌ను, తుది కీని ప్రింటు తీయించుకున్నాను. అందులో ప్రతి ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, నేను ఎంచుకున్నది ఏదో ఉంటాయి. రఫ్ కాగితాలు కేంద్రంలోనే ఇచ్చేసి రావాలి కాబట్టి లెక్క ఎలా చేశానో చూసుకునే వీలు లేదు. అందుకే నేను ఎంచుకున్న తప్పు ఆప్షన్‌ను చేతపట్టుకుని, ఏ పొరపాటు చేస్తే ఈ జవాబు వస్తుందో వెనక్కి నడుచుకుంటూ పోయాను. ఇది నేను ఆ ఏడాది చేసిన పనులన్నింటిలో ఎక్కువ ఫలితమిచ్చిన పని. దాదాపు మూడు వారాలు పట్టింది.

ఒక ఉదాహరణ చెబుతాను, అంకెలు కొంచెం మార్చాను. ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ మైనస్ 6ఎక్స్ ప్లస్ 8వై మైనస్ 11 ఈక్వల్ టు సున్నా అనే వృత్తానికి కేంద్రం ఎక్కడ, వ్యాసార్ధం ఎంత అన్నది దాని మొదటి మెట్టు. కేంద్రం 3, మైనస్ 4. వ్యాసార్ధం 9, 16, 11 కలిపితే 36, దాని వర్గమూలం 6. నేను కేంద్రాన్ని మైనస్ 3, 4 అని తీసుకున్నాను. వ్యాసార్ధంలో అవే అంకెలు వర్గాలవుతాయి కాబట్టి అక్కడ తేడా రాదు, తప్పు చేసినట్టు అనుమానమూ రాదు. చివరకు వచ్చిన జవాబు ఆప్షన్లలో రెండోదిగా బుద్ధిగా కూర్చుని ఉంది. ప్రశ్న తయారుచేసినవాళ్ళకు నా తప్పు ముందే తెలుసు. తప్పు చేసేవాళ్ళ కోసం వండి పెట్టిన ఆప్షన్ అది. ఇంటర్ పరీక్షలో ఇదే పొరపాటు చేసి ఉంటే పద్ధతికి మార్కులు వేసేవారు, నాకు ఆ పొరపాటు ఉందన్న సంగతే తెలిసేది కాదు.

మొత్తం లెక్క తేలింది ఇలా. 80లో 63 ప్రశ్నలకు జవాబు పెట్టాను, 27 ఒప్పు, 36 తప్పు, 17 ఖాళీ. 36 తప్పుల్లో గుర్తులు, కూడికలు తీసివేతల పొరపాట్లు 9. ప్రశ్నను సరిగా చదవకపోవడం 5. సూత్రం సగం గుర్తుండి సగం మరిచిపోవడం 7. లెక్క మధ్యలో ఆపి ఊహించి పెట్టినవి 4. అసలు రానివి 11. ఖాళీ వదిలిన 17లో 8 ప్రశ్నలను ఇంట్లో గడియారం చూడకుండా చేస్తే ఒక్కటీ తప్పుపోలేదు. మరో మూడింటికి జవాబు పెట్టినట్టు నాకు గట్టి గుర్తు ఉంది, షీటులో మాత్రం ఖాళీ అని ఉంది. ఆప్షన్ నొక్కి, ‘సేవ్ అండ్ నెక్స్ట్’ నొక్కకుండా పక్కనున్న ప్రశ్నల సంఖ్యల పట్టిక నుంచి వేరే ప్రశ్నకు దూకితే పెట్టిన జవాబు నిలవదని నాకు ఆ తర్వాత తెలిసింది. వీటిలో గుర్తులు, చదవడం, సూత్రాలు, సమయం చాలక వదిలినవి కలిపితే 29. అంటే ఒక్క కొత్త అధ్యాయం చదవకుండానే, నాకు వచ్చిన పాఠాల్లోనే 29 మార్కులు నేల మీద పడి ఉన్నాయి. పరీక్షకు ముందు హనుమకొండలో చేరిన ఐదు వారాల కోర్సులో మాత్రం అందరితో పాటు నన్నూ ఈ 29ని వదిలేసి ఆ 11 వెనకే పరుగెత్తించారు. రోజుకో పరీక్ష పెట్టి, సాయంత్రానికి ర్యాంకుల జాబితా గోడకు అంటించేవారు. ఏ ప్రశ్న ఎందుకు తప్పయిందో అడగడానికి మనిషి ఉండేవాడు కాదు. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు.

జూలైలో డిగ్రీ ప్రవేశాలకు ఆన్‌లైన్ విధానమైన దోస్త్ ద్వారా మా దగ్గరి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీలో చేరాను. మళ్ళీ ఎంసెట్ రాస్తానని ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఉదయం ఐదు నుంచి ఏడున్నర వరకు గణితం, రాత్రి గంటన్నర మిగతా రెండు సబ్జెక్టులు. ఇంకో చిక్కు కూడా ఉండింది. కరోనా వల్ల మా బ్యాచ్‌కు ఇంటర్ మొదటి ఏడాదిలో 70 శాతం సిలబసే ఉండేది, 2023 ఎంసెట్‌లోనూ మొదటి ఏడాదికి ఆ 70 శాతమే అడిగారు. 2024కు రెండేళ్ళదీ పూర్తి సిలబస్. కాబట్టి నేను అసలు చదవని 30 శాతాన్ని ఆగస్టు, సెప్టెంబరుల్లో తెలుగు అకాడమీ పుస్తకాలు పెట్టుకుని ఒక్కదాన్నే చదువుకున్నాను. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, కూర్చుని చదవడమే.

అసలు కష్టం వేగం దగ్గర వచ్చింది. ఫోన్లో స్టాప్ వాచ్ పెట్టుకుని పాత ప్రశ్నపత్రాల నుంచి పదేసి ప్రశ్నలు చేయడం మొదలుపెట్టాను. పది ప్రశ్నలకు మొదట్లో 23 నిమిషాలు పట్టేది. సమయం ఎక్కడ పోతోందో చూద్దామని ఒక్కో ప్రశ్నకు విడిగా కొలిచాను. నేను నిదానంగా ఆలోచిస్తానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తీరా చూస్తే ఆలోచనకు పోయేది తక్కువ, రాతకు పోయేది ఎక్కువ. సైన్ 10°, సైన్ 50°, సైన్ 70° ల లబ్ధం ఎంత అని అడిగితే, రెండేసి సైన్ల లబ్ధాన్ని కొసైన్ల భేదంగా మార్చి, మళ్ళీ గుణించి, మళ్ళీ మార్చి రెండున్నర నిమిషాల్లో 1/8 తెచ్చేదాన్ని. ఒక కోణం, 60 నుంచి దాన్ని తీసేస్తే వచ్చే కోణం, 60కి దాన్ని కలిపితే వచ్చే కోణం, ఈ మూడింటి సైన్ల లబ్ధం మూడు రెట్ల కోణపు సైన్‌లో నాలుగో వంతు అన్నది ఇంటర్లో నేను నిరూపించిన ఫలితమే. నిరూపించి నాలుగు మార్కులు తెచ్చుకున్నాను తప్ప దాన్ని వాడుకోవచ్చని తట్టలేదు. 10కి మూడు రెట్లు 30, దాని సైన్ అర, అందులో నాలుగో వంతు 1/8. పది సెకన్లు.

ఇలాంటివి ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. ఒక షరతు పెట్టుకున్నాను: నేను నిరూపించగలిగినదే అందులో రాయాలి. ఈ షరతు పెట్టుకోవడానికి ముందు ఒక నెల యూట్యూబ్‌లో షార్ట్‌కట్‌ల వెంట పడి నష్టపోయాను. వాటిలో ఎక్కువగా చెప్పేది త్రిభుజం గురించిన ప్రశ్న రాగానే సమబాహు త్రిభుజం అనుకుని విలువలు వేసేయమని. త్రిభుజ ధర్మాల్లో ఒక ప్రసిద్ధమైన ప్రశ్న ఉంది: మూడు బహిర్వృత్తాల (త్రిభుజం భుజాలను బయటి నుంచి తాకే వృత్తాల) వ్యాసార్ధాల మొత్తంలోంచి అంతర్వృత్త వ్యాసార్ధాన్ని తీసేస్తే ఎంత? సమబాహు త్రిభుజంలో ఒక్కో బహిర్వృత్త వ్యాసార్ధం అంతర్వృత్త వ్యాసార్ధానికి మూడు రెట్లు కాబట్టి తొమ్మిది రెట్లలోంచి ఒకటి పోగా 8 రెట్లు. ఆప్షన్లలో ‘అంతర్వృత్త వ్యాసార్ధానికి 8 రెట్లు’ అని కనబడగానే పెట్టేశాను. కింద ‘పరివృత్త వ్యాసార్ధానికి 4 రెట్లు’ అని ఇంకో ఆప్షన్ ఉంది. సమబాహు త్రిభుజంలో పరివృత్త వ్యాసార్ధం అంతర్వృత్త వ్యాసార్ధానికి సరిగ్గా రెట్టింపు కాబట్టి ఆ ఒక్క త్రిభుజంలో రెండు ఆప్షన్లూ ఒప్పే. అన్ని త్రిభుజాలకూ ఒప్పు అయ్యేది రెండోదే.

ఆ రోజు నుంచి విలువలు వేసి చూడాల్సి వస్తే 3, 4, 5 భుజాల త్రిభుజాన్నే వాడాను. దాని వైశాల్యం 6, అర్ధ చుట్టుకొలత 6, అంతర్వృత్త వ్యాసార్ధం 1, పరివృత్త వ్యాసార్ధం రెండున్నర, బహిర్వృత్త వ్యాసార్ధాలు 2, 3, 6. మొత్తం 11, ఒకటి తీస్తే 10. అది రెండున్నరకు నాలుగు రెట్లు, ఒకటికి ఎనిమిది రెట్లు కాదు. రెండు సెకన్లు ఎక్కువ పట్టినా ఈ త్రిభుజం నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. అసలు 3, 4, 5తో పాటు 5, 12, 13; 8, 15, 17; 7, 24, 25 అనే అంకెలు నోటికి వచ్చి ఉంటే విలోమ త్రికోణమితిలోనూ శాంకవాల్లోనూ సగం గుణకారాలు తప్పుతాయి. సైన్ విలోమం 3/5కు సైన్ విలోమం 5/13ను కలపమంటే, కాగితం అక్కర లేకుండా 36, 20 కలిపి సైన్ విలోమం 56/65 అనగలిగే స్థితికి నవంబరులో వచ్చాను.

అధ్యాయాల విషయంలో నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది. అందరూ సమాకలనంతో మొదలుపెట్టమంటారు, ఎందుకంటే దాని నుంచి ప్రశ్నలు ఎక్కువ వస్తాయి. కానీ సమాకలనంలో ఒక్కో ప్రశ్న మూడు నిమిషాలు తినేస్తుంది. అక్ష పరివర్తనం, దిక్ కొసైన్లు, సమతలం, పాక్షిక భిన్నాలు, విస్తరణ కొలతలు చిన్న అధ్యాయాలు. ఒక్కొక్కటి రెండు రోజుల్లో గట్టిపడుతుంది, పరీక్షలో నిమిషం లోపే ముగుస్తుంది. నేను వాటితో మొదలుపెట్టి, తర్వాత మాత్రికలు, సదిశలు, సంకీర్ణ సంఖ్యలు, వృత్తాలు పట్టుకున్నాను. నిశ్చిత సమాకలనుల్లో అవధులను తిరగేస్తే తేలిపోయేవి మాత్రం వదలలేదు. అనిశ్చిత సమాకలనాల్లో పొడవాటివాటిని పూర్తిగా వదిలేశాను, ఇప్పటికీ ఆ పని తప్పు అనుకోవడం లేదు. ప్రస్తారాల్లో నిఘంటువు క్రమంలో కోటి, అంటే ఆ మాట ఎన్నో స్థానంలో వస్తుందో కనుక్కునే లెక్కలకు అందరూ భయపడతారు కానీ అవి అచ్చంగా చిల్లర లెక్కపెట్టడం లాంటివి. మాస్టర్ అనే ఇంగ్లీషు మాట అక్షరాలను అటూ ఇటూ మార్చి రాస్తే దాని కోటి ఎంత? ‘ఎమ్’కు ముందు రెండు అక్షరాలు, 240. ‘ఎ’కు ముందు ఏమీ లేదు. ‘ఎస్’కు ముందు మిగిలినవి రెండు, 12. ‘టి’కి ముందు రెండు, 4. ‘ఇ’, ‘ఆర్’లకు ముందు ఏమీ లేదు. మొత్తం 256, దానికి ఒకటి కలిపితే 257. నలభై సెకన్లు, అది కూడా రెండోసారి సరిచూసుకుంటే.

డిసెంబరు వచ్చేసరికి పూర్తి పరీక్ష పెట్టుకుంటే గణితంలో 41 వచ్చాయి. అక్కడ ఆగిపోయాను. వారానికి రెండు పరీక్షల చొప్పున ఆరు వారాలు రాశాను. 41, 43, 40, 42, ఇలాగే. చదువు పెరుగుతోంది, మార్కు కదలడం లేదు. జనవరి చివర ఒక ఆదివారం కొత్త పరీక్ష రాయడానికి విసుగొచ్చి, జూన్‌లో తయారుచేసుకున్న తప్పుల జాబితా తీసి అవే ప్రశ్నలు మళ్ళీ చేశాను. 36లో 12 మళ్ళీ తప్పు చేశాను, కొన్నింటిలో అదే తప్పు ఆప్షన్‌తో సహా. సిగ్గుగా అనిపించింది. తప్పును గుర్తించి పేరు పెట్టినంత మాత్రాన అది పోయినట్టేనని ఏడు నెలలుగా అనుకుంటూ వచ్చాను. ఆ తర్వాత మూడు వారాలు కొత్త ప్రశ్న ఒక్కటి కూడా ముట్టలేదు. అప్పటివరకు రాసిన పరీక్షలన్నింటిలోని తప్పులను, జవాబు చూడకుండా, గడియారం పెట్టుకుని, వరుసగా మూడుసార్లు ఒప్పు వచ్చేదాకా చేశాను.

అప్పుడే నా గుర్తుల పొరపాట్ల మూలం కనబడింది. నేను మైనస్‌ను చిన్నగా, భిన్నం గీతకు ఆనుకుని రాస్తాను. తర్వాతి వరుసలో అది గీతలో కలిసిపోయి కనబడదు. రెండోది, ‘ఈక్వల్ టు’కు అటువైపు ఒక పదాన్ని తీసుకుపోతూ అదే వరుసలో ఇంకో పని, గుణించడమో కొట్టేయడమో, చేస్తాను. ఈ రెండూ తెలివికి సంబంధించినవి కావు, చేతి అలవాటుకు సంబంధించినవి. మైనస్‌ను పొడుగ్గా గీయడం, ఒక వరుసలో ఒకే పని చేయడం, వృత్తం కనబడగానే లెక్క మొదలుపెట్టకముందే కేంద్రాన్ని కాగితం మూల రాసి చుట్టూ గడి కట్టడం అలవాటు చేసుకున్నాను. మెట్లన్నీ తగ్గించాలని జూలై నుంచి కష్టపడినదాన్ని, గుర్తు మారే చోట మాత్రం ఒక మెట్టు పెంచుకున్నాను. మార్చి మొదటి వారంలో 47 వచ్చాయి.

ఇంకొక ఇబ్బంది తెరది. ఇంటర్ అంతా కాగితం మీద చదివినవాళ్ళకు తెర మీద ప్రశ్న చదివి కాగితం మీదికి ఎత్తుకోవడంలో ఘాతాలు, గుర్తులు మారిపోతాయి. నేను చదవడంలో చేసిన ఐదు తప్పుల్లో మూడు ఇలాంటివే. మా డిగ్రీ కళాశాలలో గణితం చెప్పే మేడమ్‌కు చివరికి విషయం చెప్పేశాను. ఆమె శనివారం మధ్యాహ్నాలు కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చోనిచ్చారు. ఎంసెట్ వెబ్‌సైట్లో ఉండే నమూనా పరీక్షను అక్కడే పదిసార్లకు పైగా రాశాను, ప్రశ్నల కోసం కాదు, మౌస్ కోసం. ప్రశ్న తెర మీద ఇంగ్లీషులోనూ తెలుగులోనూ కనబడుతుంది. మొదటి ఏడాది రెండూ చదివి సమయం పోగొట్టుకున్నాను. తెలుగులో చదువుకున్నాను కాబట్టి తెలుగే చదువుతానని, సమీకరణాలను మాత్రం రెండు చోట్లా పోల్చి చూస్తానని నిర్ణయించుకున్నాను. అతిపరావలయం, అవకలజం అనే మాటలు చూసి నవ్విన స్నేహితులు ఉన్నారు. నాకు మాత్రం ఆ మాటల్లోనే లెక్క వేగంగా కదులుతుంది.

2024లో పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారింది. ఇంజనీరింగ్ విడతలు మే 9 నుంచి 11 వరకు జరిగాయి, నాకు 10వ తేదీ ఉదయం పడింది. అంతకు ముందు వారం మా చిన్నమ్మ కూతురి పెళ్ళి. అందరూ గోరింటాకు పెట్టుకుంటుంటే నేను రెండు చేతులూ వెనక్కి దాచుకుని కూర్చున్నాను. వేలిముద్రలు తీసుకుంటారు కాబట్టి చేతులకు గోరింటాకు వద్దని సూచనల్లో ఉంటుంది. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరని బాపు నన్ను గంటన్నర ముందే కేంద్రం గేటు ముందు దింపాడు.

రసాయనశాస్త్రంతో మొదలుపెట్టి 30 నిమిషాల్లో ముగించాను. భౌతికశాస్త్రానికి 45 నిమిషాలు అనుకున్నాను, 48 పట్టింది. గణితానికి 100 నిమిషాలకు కాస్త ఎక్కువ మిగిలాయి. మొదటి చుట్టులో చూడగానే దారి తెలిసినవే చేశాను, దారి తెలియకపోతే ముప్పై సెకన్లు దాటకుండా ముందుకు జరిగాను. మొదటి ప్రశ్ననే వదలాల్సి వచ్చింది. మొదటి ఏడాదైతే ఆ ఒక్కదాని మీద ఐదు నిమిషాలు కూర్చునేదాన్ని. ఆ చుట్టు ముగిసేసరికి 41 అయ్యాయి, గడియారంలో ఇంకా 44 నిమిషాలు ఉన్నాయి. రెండో చుట్టులో మరో 25 చేశాను. చివరి మూడు నిమిషాలకు 14 మిగిలాయి. తప్పుకు కోత లేని పరీక్షలో ఖాళీ వదలడం మార్కును పారేయడమే కాబట్టి ఆ 14కూ మూడో ఆప్షనే పెట్టుకుంటూ పోయాను. మూడో ఆప్షనే ఎక్కువ ఒప్పవుతుందని మా తోటివాళ్ళలో నమ్మకాలు ఉన్నాయి కానీ, ఏది పెట్టినా సగటున నాలుగింట ఒకటే. ఒకటే పెట్టడంలో లాభం, ఆలోచించే పని ఉండదు.

ఫలితం మే 18న వచ్చింది. గణితం 49, భౌతికం 16, రసాయనం 19, మొత్తం 84. ర్యాంకు నాలుగంకెల్లో వచ్చింది. బాపు ఆ అంకెలను ఫోన్లో వేలితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, “నాలుగే గదా?” అని రెండుసార్లు అడిగాడు.

కౌన్సెలింగ్‌కు ముందు ఖాళీగా ఉన్నప్పుడు ఈసారి రెస్పాన్స్ షీట్‌ను కూడా ప్రింటు తీయించి కూర్చున్నాను. ఊరికే పెట్టిన 14లో 4 ఒప్పయ్యాయి. చేసిన 66లో 45 ఒప్పు, 21 తప్పు. ఆ 21లో అసలు రానివి 9, సూత్రం తప్పినవి 5, చదవడంలో పోయినవి 4, గుర్తులు 3. ఆ మూడింటిలో ఒకటి వృత్త కేంద్రం. గడి కట్టాను, అందులోనే తప్పు గుర్తు రాశాను.